కెమెరాకు చిక్కిన బండి మా తమ్ముడిదే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చాలా పొడవైనది. రాసినవారు తమ పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. వారి కథ క్లుప్తంగా ఇది.

ఆమె ఉండే కాలనీ వెనుక ఒక వాగు ఉంది. రెండేళ్లుగా ఎవరో రాత్రివేళ అక్కడ కూల్చిన ఇళ్ల ఇటుక ముక్కలు, విరిగిన సిమెంటు రేకులు, రంగు డబ్బాలు తెచ్చి పారబోస్తున్నారు. దాంతో వాగు పూడుకుపోయింది. పెద్ద వర్షం పడిన రోజున నీళ్లు వెనక్కి తన్ని ఇళ్లలోకి వచ్చాయి. కాలనీ సంఘం సభ్యురాలిగా ఆమే ముందుకు వచ్చి, ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించి, మున్సిపల్ కార్యాలయానికి ఫిర్యాదు చేశారు. అధికారులు స్పందించారు. కెమెరా అమర్చారు. దొంగచాటుగా చెత్త పారబోసే వాహనాలను స్వాధీనం చేసుకుంటామని బోర్డు పెట్టారు. ఆచూకీ చెప్పినవారికి పారితోషికం కూడా ప్రకటించారు.

కెమెరాకు ఒక చిన్న ట్రక్కు చిక్కింది. నంబరు ప్లేటుకు బురద పూసి ఉంది, నడిపే మనిషి ముఖం కనిపించలేదు. కానీ వెనుక తలుపు మీద ఉన్న వంకర అతుకును ఆమె చూసిన క్షణంలోనే గుర్తుపట్టారు. అది సొంత తమ్ముడి బండి. దాన్ని కొనడానికి అతను తీసుకున్న అప్పుకు హామీ సంతకం పెట్టింది కూడా ఆమే. సంఘం సమావేశంలో అధికారి ఆ ఫొటో చూపించి, ఎవరిదో తెలుసా అని అడిగారు. ఆమె తెలియదని చెప్పి ఇంటికి వచ్చేశారు.

తరువాత తమ్ముడిని నేరుగా అడగలేక, మాటల మధ్యలో ఆ ప్రస్తావన తెచ్చారు. "అక్కా, ఆ వాగులో పారబోయనివాళ్లు ఎవరు? డంపింగ్ యార్డు ఎంత దూరమో నీకు తెలుసా? కాంట్రాక్టరు ఇచ్చే డబ్బు డీజిలుకే చాలదు. ఏం ఎక్కించారో నేను చూడను, ఎక్కించింది తీసుకుపోతాను" అన్నాడట. ఆమె భర్త మాత్రం ఊరుకోమంటున్నారు. ఇంటి గుట్టు మనమే రచ్చకెక్కించడం ఏమిటని ఆయన ప్రశ్న. తల్లి ఆ తమ్ముడి దగ్గరే ఉంటారు. ఇంతలో కాలనీలో మరో మాట పుట్టింది. వాగు గట్టున పాత సీసాలు, ఇనుప ముక్కలు ఏరుకుని బతికే ఒక వృద్ధుడే డబ్బు తీసుకుని రాత్రిపూట బండ్లకు దారి చూపిస్తున్నాడని కొందరు అంటున్నారు. ఆయనను అక్కడినుంచి వెళ్లగొట్టాలని వచ్చే సమావేశంలో తీర్మానం పెట్టబోతున్నారు.

"ఈ పోరాటం మొదలుపెట్టింది నేనే. ఇప్పుడు అది నా ఇంటికే వచ్చింది. తమ్ముడిని పట్టించాలా? నోరు మూసుకోవాలా? అమ్మకు చెప్పాలా?" అని ఆమె అడుగుతున్నారు.

—

అమ్మా,

మీరు తమ్ముడి గురించి రాసిన పేజీలన్నీ చదివాక నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ వృద్ధుడి గురించి మీరు చివర్లో రాసిన నాలుగు వాక్యాలు. మీ తమ్ముడి విషయంలో ఆలోచించుకోవడానికి మీకు కొంత సమయం ఉంది. ఆ వృద్ధుడికి లేదు. తీర్మానం జరిగిపోతే, ఏ తప్పూ చేయని మనిషి బతుకుతెరువు పోతుంది. ఆయన తరఫున మాట్లాడే అక్కలు, తమ్ముళ్లు ఆ గదిలో ఉండరు. పైగా వాగు గట్టునుంచి సీసాలు, ఇనుము ఏరి తీసుకుపోతున్న ఆయనే ఇన్నాళ్లూ ఆ స్థలాన్ని ఎంతో కొంత శుభ్రం చేస్తూ వచ్చారు.

కాబట్టి మిగతాదంతా తేలినా తేలకపోయినా, ఆ సమావేశానికి ముందే ఈ ఒక్క పని చేయండి. "ఆయన మీద మన దగ్గర ఏ ఆధారమూ లేదు. కెమెరాలో కనిపించింది ట్రక్కు. రుజువు లేకుండా ఒక మనిషిని వెళ్లగొట్టే తీర్మానం మీద నేను సంతకం చేయను" అని సంఘం పెద్దలకు చెప్పండి. ఇందులో ప్రతి మాటా నిజమే, తమ్ముడి పేరు ఎత్తవలసిన అవసరమూ లేదు. అయితే అంతటితో వాళ్లు వినకపోతే, మీకు తెలిసింది చెప్పి ఆయనను కాపాడవలసిన సమయం వచ్చినట్టే. ఆ హద్దు ఎక్కడుందో ఇప్పుడే మనసులో తేల్చుకోండి. సమావేశంలో పదిమంది గొంతులు లేచాక తేల్చుకోవడం కష్టం.

ఇక మీ తమ్ముడి సంగతి. అతను మీతో మూడు మాటలు అన్నాడు. మూడింటికీ జవాబు ఒకటి కాదు.

వాగులో పారబోయనివాళ్లు ఎవరు అన్నది మొదటి మాట. దీన్ని కేవలం సాకుగా కొట్టిపారేయకండి. మనుషులు నిజంగానే అలా నడుచుకుంటారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పరిశోధకులు ఒక సందులో నిలిపిన సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించి, యజమానులు వాటిని ఏం చేస్తారో గమనించారు. దగ్గరలో చెత్తబుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది కాగితాన్ని నేలమీద పడేశారు. అదే గోడను పిచ్చిగీతలతో నింపాక అలా చేసినవాళ్లు 69 శాతం. 2008లో ప్రచురితమైన ఈ పరిశోధన మీ వాగుకు కూడా వర్తిస్తుంది. అక్కడ మొదటి లోడు పడిన రోజే రెండో లోడుకు అనుమతి దొరికినట్టయింది. అందుకే కెమెరా పెట్టి, కుప్పను మాత్రం అలాగే వదిలేస్తే సగం పనే జరిగినట్టు. కుప్ప తొలగిపోవాలి. దీన్ని మీరు అధికారులకు గట్టిగా చెప్పవచ్చు.

యార్డు దూరం, ఇచ్చే డబ్బు చాలదు అన్నది రెండో మాట. ఇది పచ్చి నిజం కావచ్చు, అసలు కథ కూడా ఇక్కడే ఉంది. ఇల్లు కూల్చిన యజమాని కాంట్రాక్టరుకు ఒక మొత్తం ఇస్తాడు. కాంట్రాక్టరు అందులో మిగుల్చుకుని, లోడుకు ఇంత అని మీ తమ్ముడికి ఇస్తాడు. ఆ డబ్బుతో యార్డుకు వెళ్లడం, అక్కడ రుసుము కట్టడం, తిరిగి రావడం సాధ్యం కాదని ఇచ్చేవాడికి తెలుసు. ఎక్కడ పారబోస్తావని అతను అడగడు, ఎందుకంటే జవాబు వినడం అతనికి ఇష్టం లేదు. వాగులో చెత్త పడినందువల్ల మిగిలిన సొమ్ములో పెద్ద వాటా అతనిది. కెమెరాకు చిక్కే బండి, పోయే పరువు మాత్రం మీ తమ్ముడివి.

ఈ గొలుసులో చివరి చేతికే సంకెళ్లు పడటం కొత్త కాదు. 2006లో ప్రోబో కోలా అనే ఓడలోని విషవ్యర్థాలను ఆమ్‌స్టర్‌డామ్‌లో శుద్ధి చేయించడానికి చాలా ఖర్చవుతుందని తేలింది. చివరకు ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ రేవులో ఒక స్థానిక కంపెనీ తక్కువ ధరకు వాటిని తీసుకుని, ట్యాంకర్లతో నగరం చుట్టూ పారబోసింది. వేలమంది ఆసుపత్రుల ముందు వరుస కట్టారు. వ్యర్థాల అసలు సొంతదారైన కంపెనీ అధికారులు కొన్ని నెలలు నిర్బంధంలో ఉండి, ప్రభుత్వంతో రాజీ కుదిరాక విడుదలయ్యారు. ఆ స్థానిక కంపెనీ అధిపతికి మాత్రం 2008లో అక్కడి కోర్టు 20 ఏళ్ల జైలుశిక్ష వేసింది. అతను నిర్దోషి అని నేను అనడం లేదు. అంత తక్కువ ధరకు ఆ పని ఎలా జరుగుతుందని ఎవరూ అడగకపోవడం కూడా ఆ నేరంలో భాగమే.

అందుకే కొన్ని దేశాల చట్టాలు పారబోసినవాడి దగ్గరే ఆగవు. బ్రిటన్‌లో 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం అక్రమంగా పారబోయడాన్ని నేరంగా ప్రకటించడంతో పాటు, చెత్తను అప్పగించేవారి మీద కూడా బాధ్యత పెట్టింది. ఇంగ్లండ్‌లో ఒక ఇంటి యజమాని అనుమతి లేని బండివాడికి చెత్త అప్పగిస్తే, ఆ యజమానికి కూడా జరిమానా పడవచ్చు. జపాన్‌లో పరిశ్రమల వ్యర్థాలతో పాటు ఒక చీటీ ప్రయాణిస్తుంది. పుట్టిన చోటునుంచి చివరికి చేరిన చోటు వరకు ఎవరెవరి చేతులు మారిందో అందులో నమోదై, తిరిగి మొదటివారికి చేరాలి. మీ దగ్గర ఏ నియమం ఉందో స్థానికంగా ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. మీ తమ్ముడి భవిష్యత్తు కొంతవరకు దాని మీదే ఆధారపడి ఉంది.

ఇక మూడో మాట. "ఏం ఎక్కించారో నేను చూడను." ఇది విని నాకు భయం వేసింది. మీకూ వేయాలి. ఇటుక ముక్కలు వాగును పూడుస్తాయి, వాటిని తీసేయవచ్చు. కానీ పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. అవి విరిగినప్పుడు లేచే సన్నని నారలు ఊపిరితిత్తుల్లో చేరి, ఎన్నో ఏళ్ల తరువాత కాన్సర్‌గా బయటపడగలవు. రంగు డబ్బాల్లో సీసం, ద్రావకాలు ఉండవచ్చు. ఆ లోడు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఆ ధూళి ముందుగా పీల్చేది మీ తమ్ముడే. ఆ తరువాత గట్టున తిరిగే ఆ వృద్ధుడు, వాగు పక్కన ఆడుకునే పిల్లలు.

చూడకుండా ఊరుకుంటే ఏమవుతుందో జపాన్‌లోని తెషిమా ద్వీపవాసులకు తెలుసు. అక్కడ ఒక వ్యాపారి వానపాముల పెంపకం పేరుతో అనుమతి తీసుకుని, ముక్కలు చేసిన పాత కార్ల చెత్త, వాడేసిన నూనెలు ఏళ్ల తరబడి పోగేశాడు. ద్వీపవాసులు మొత్తుకున్నా ప్రాంతీయ ప్రభుత్వం అతని మాటే నమ్మింది. 1990లో పోలీసులు దాడి చేసేదాకా అది ఆగలేదు. 2000లో గవర్నరు ద్వీపవాసులకు క్షమాపణ చెప్పారు. అక్కడ పేరుకున్న 9 లక్షల టన్నులకు పైగా చెత్తను పక్క ద్వీపానికి తరలించి శుద్ధి చేసే పని 2017లో గానీ పూర్తికాలేదు, అదీ ప్రజల డబ్బుతో. మీ వాగు అంత పెద్దది కాదని నాకు తెలుసు. అయితే ఎంత త్వరగా ఆపితే అంత తక్కువ విషం నేలలో దిగుతుందన్న లెక్క ఎక్కడైనా ఒకటే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీ భర్త చెప్పినట్టు ఊరుకోవడం ఒకటి. ఆయన ఇంటి గురించి ఆందోళన పడుతున్నారు, అందులో తప్పు లేదు. కానీ ఊరుకుంటే ఇల్లు భద్రంగా ఉంటుందన్న ఆయన అంచనా సరైనది కాదు. కెమెరా అక్కడే ఉంది, పారితోషికం బోర్డు కూడా అక్కడే ఉంది. ఆ అతుకును గుర్తుపట్టగలిగేది మీరొక్కరే కాదు. రేపు బండి పట్టుబడితే, దానికి హామీ సంతకం చేసిన మీరు ఫొటో చూసి కూడా తెలియదన్నారన్న సంగతి బయటికి వస్తుంది. అప్పుడు మీ తమ్ముడి తప్పుతో పాటు మీ ఫిర్యాదు మీద, సంతకం పెట్టిన ఇరుగుపొరుగు అందరి మీద కూడా నీడ పడుతుంది.

మీ పేరు చెప్పకుండా ఆచూకీ ఇవ్వడం మరొకటి. ఇది ద్రోహం అని నేను అనను. ఇళ్లలోకి నీళ్లు వచ్చిన మనుషుల పట్ల కూడా మీకు బాధ్యత ఉంది. కానీ దీని పర్యవసానాలు తెలుసుకునే చేయండి. బండి పోతుంది, అతని సంపాదన ఆగుతుంది, అప్పు వాయిదా మీ గుమ్మం దగ్గరకు వస్తుంది. కాంట్రాక్టరు వారంలోపు మరో బండి చూసుకుంటాడు. ఇలాంటి రహస్యాలు కుటుంబాల్లో ఎక్కువ కాలం దాగవు. మీరు చెప్పారని తెలిసిన రోజున మీ తమ్ముడికి చేసిన తప్పు గుర్తుండదు, అక్క వెనుకనుంచి కొట్టిందన్నదే గుర్తుంటుంది. ఈ దారి పట్టినా పారితోషికం మాత్రం తీసుకోకండి. దక్షిణ కొరియాలో ఇలాంటి పారితోషికాల కోసం కెమెరాలు పట్టుకుని తిరగడమే వృత్తిగా చేసుకున్నవాళ్లు పుట్టుకొచ్చారు. ప్రభుత్వానికి ఫొటోలు చేరవచ్చు, కానీ ఇరుగుపొరుగు మధ్య నమ్మకం పలచబడుతుంది.

మూడో దారి కష్టమైనది. నా మనసు దాని వైపే మొగ్గుతోంది. తమ్ముడితో సూటిగా మాట్లాడి, అతనే స్వయంగా కార్యాలయానికి వెళ్లేలా చేయడం. ఒంటరిగా కాదు, న్యాయవాదిని కలిసి, ఏం చెప్పాలో తెలుసుకుని వెళ్లాలి. ఎవరు లోడు ఎక్కించారు, ఏ ఇళ్లనుంచి వచ్చింది, ఎంత ఇచ్చారు, ఫోనులో ఏం మాట్లాడుకున్నారు, డబ్బు ఎలా ముట్టింది, ఇవన్నీ రాసిపెట్టుకోవాలి. ఫోనులోని సందేశాలు చెరిపేయకూడదు. తనంతట తాను వచ్చి, తన వెనుక ఉన్న గొలుసును కూడా చూపించిన మనిషిని, పట్టుబడిన మనిషిని అధికారులు ఒకే కంటితో చూడకపోవచ్చు. చూడవచ్చు కూడా, ఆ హామీ నేను ఇవ్వలేను. జరిమానా పడవచ్చు, బండి కొంతకాలం కార్యాలయం ఆవరణలో ఉండిపోవచ్చు. ఆ కాంట్రాక్టరు ఇక పని ఇవ్వడు, బెదిరించవచ్చు కూడా. బెదిరింపు వస్తే దాన్ని వెంటనే లిఖితపూర్వకంగా పోలీసులకు తెలియజేయాలి. ఇవన్నీ ముందే మాట్లాడుకోండి.

ఒక హెచ్చరిక. భయపడి అతను రాత్రికి రాత్రి వెళ్లి ఆ కుప్ప తానే ఎత్తేస్తానంటే ఆపండి. ఆ రేకులు చేతులతో తీస్తే ఇంకా విరుగుతాయి. ఎత్తినదాన్ని మరెక్కడో పారబోయడమే జరుగుతుంది. పైగా ఆధారాలు మాయం చేస్తున్నాడన్న అనుమానం వస్తుంది. శుభ్రం చేసే ఖర్చులోనో పనిలోనో తన వంతు మోస్తానని అతను ముందుకు రావడం మంచిదే, అది అధికారులకు తెలిసి, వాళ్లు చెప్పిన పద్ధతిలో జరగాలి.

మాట్లాడేటప్పుడు అప్పు ఊసుతో మొదలుపెట్టకండి. నా సంతకం అన్న మాట వినగానే, మీరు మీ డబ్బు కోసం వచ్చారనుకుంటాడు. "ఆ ఫొటోలో బండి నీదని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నీ బదులు ఇంకొకరిని వెళ్లగొట్టబోతున్నారు, నేను ఎక్కువ రోజులు మౌనంగా ఉండలేను. నువ్వు వెళ్లి చెబితే నేను పక్కన ఉంటాను" అనండి. గడువు స్పష్టంగా చెప్పండి. ఆ గడువు దాటాక మీరు ఏం చేస్తారో కూడా అతని ముఖం మీదే చెప్పండి. అప్పుడు మీరు ఆచూకీ ఇవ్వవలసి వచ్చినా అది వెనుకనుంచి కొట్టిన దెబ్బ కాదు. అతను ఒప్పుకోకపోతే ఆ మాట మీద నిలబడాలి. నిలబడలేనని అనిపిస్తే అసలు గడువు చెప్పకండి. చెప్పి తప్పడం అన్నిటికంటే హాని చేస్తుంది.

సంఘంలో మీ స్థానం సంగతి. ఈ ఫిర్యాదుకు సంబంధించిన పనులనుంచి తాత్కాలికంగా తప్పుకోండి, కుటుంబ కారణాలని చెబితే చాలు. రేపు విషయం బయటపడినా, తమ్ముడి కేసును అక్కే నడిపిందని ఎవరూ అనలేరు. కానీ సంఘం అడగవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిని వేరొకరి చేతిలో పెట్టి వెళ్లండి. కెమెరాలు, జరిమానాలు అవసరమే. ఒక్క వాగు దగ్గరే పెడితే బండ్లు మరో వాగుకు పోతాయి. ఇంగ్లండ్‌లో ఇన్ని చట్టాలున్నా, ఇటీవలి సంవత్సరాల్లో స్థానిక సంస్థలు నమోదు చేసిన అక్రమ పారబోతలు ఏటా 10 లక్షలు దాటుతున్నాయి. సక్రమంగా పారవేయడం ఎంత ఖరీదైతే, దొంగతనంగా పారబోయడంలో అంత లాభం ఉంటుంది. అందుకని చిన్న బండ్లవాళ్లకు దగ్గరలో, తక్కువ రుసుముతో శిథిలాలు దించుకునే చోటు కావాలి. ఇల్లు కూల్చేందుకు అనుమతి ఇచ్చేటప్పుడే శిథిలాలు ఎక్కడికి వెళ్తాయో రాయించుకోవాలి. యార్డు రసీదు చూపించాకే కొత్త నిర్మాణానికి అనుమతి ఇవ్వాలి. అలా అయితే మీ తమ్ముడి లాంటివాళ్లకు చాలినంత డబ్బు ఇవ్వక కాంట్రాక్టరుకు తప్పదు. ఈ మూడూ కార్యాలయం చేతిలో ఉన్న పనులే, ఇప్పుడు వాళ్లు మీ మాట వినే స్థితిలో ఉన్నారు.

అప్పు గురించి: హామీ పత్రం తీసి పూర్తిగా చదవండి. బండి స్వాధీనమైతే వాయిదాలు ఆగవు. ఒక్క వాయిదా కూడా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి, గడువు పొడిగింపు దొరుకుతుందేమో మీరిద్దరూ కలిసి అడగండి. ఈ సంగతి మీ భర్తకు ముందే చెప్పండి. ఆ భారం ఆయన మీద కూడా పడుతుంది కాబట్టి, నిర్ణయంలో ఆయనకు చోటుండాలి. ఊరుకోమన్న ఆయన, ఊరుకుంటే ఏమవుతుందో లెక్క చూశాక వేరే విధంగా ఆలోచించవచ్చు.

చివరగా, అమ్మకు చెప్పాలా అని అడిగారు. చెప్పాలి, కానీ మీరు కాదు, మీ తమ్ముడు. కార్యాలయానికి వెళ్లేముందు అతనే చెప్పాలి. అప్పటిదాకా ఆమెను ఈ విషయంలో మధ్యవర్తిని చేయకండి. ఆమె ఉంటున్నది అతని ఇంట్లో. మీ ఇద్దరిలో ఎవరి పక్షం తీసుకోమన్నా ఆమెకు కష్టమే. అతను చెప్పనని మొండికేస్తే, మీరు పెట్టిన గడువు ముగిసే ముందు రోజు మీరే వెళ్లి చెప్పండి.